ఆయమ్మ చేతికి సూది గుచ్చుకుంది, ల్యాబ్‌ల వాళ్లు కాస్త చెప్పండి

కావలి ల్యాబోడు | సోమవారం, మధ్యాహ్నం 12:10

అందరికీ నమస్తే. కావలిలో చిన్న ల్యాబ్ నాది. రోజుకు 40, 50 శాంపిల్స్ వస్తాయి. నేను, ఒక టెక్నీషియన్ కుర్రాడు, ఊడ్చి తుడిచే ఆయమ్మ, అంతే మా స్టాఫ్.

ఈరోజు పొద్దున ప్లాస్టిక్ చెత్త వేసే ఎర్ర కవరు మూతి కట్టేటప్పుడు ఆయమ్మ బొటనవేలి కింద సూది దిగింది. బయట ల్యాబుల చెత్త ఎత్తే బండివాడు హారన్ కొడుతున్నాడని, కవర్లో గాలంతా పోవాలని రెండు అరచేతులతో అదిమింది. రోజూ అలాగే అదుముతుంది. నేను కళ్లారా చూస్తూనే ఉన్నా, ఒక్కసారి కూడా వద్దనలేదు. ఆవిడ అరవను కూడా లేదు. చెయ్యి వెనక్కి లాక్కుని, "ఏం కాలేదులే బాబూ" అని మళ్లీ కట్టబోయింది. గ్లవ్ విప్పించి చూస్తే కందిగింజంత రక్తపు చుక్క.

కవరు విప్పితే లోపల వ్యాక్యూటైనర్ (రక్తం నేరుగా ట్యూబులోకి తీసే సెట్టు) హోల్డర్, దానికి సూది అలాగే ఉంది. ముందువైపు సూదికి క్యాప్ పెట్టే ఉంది. గుచ్చుకున్నది వెనకది, ట్యూబు మూతలోకి దిగే ఆ రబ్బరు తొడుగు సూది. క్యాప్ పెట్టాం కదా, ఇంకేం భయం అనుకుని కుర్రాడు ఎర్ర కవర్లో పడేశాడట. వాడిన సూదిని కరెంటుతో కాల్చే మా నీడిల్ బర్నర్ 10 రోజులుగా పాడై ఉంది.

రెండు ప్రశ్నలు. ఆయమ్మకు ఇప్పుడేం చెయ్యాలి? బర్నర్ కొత్తది కొనాలా, సూదిని కత్తిరించే కట్టర్ కొనాలా?

మైక్రో మేడమ్, నెల్లూరు | సోమవారం, 12:16

కొనడం సంగతి తర్వాత, ముందు ఆవిడ సంగతి చూడండి. గుచ్చుకుని ఎంతసేపైంది? సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడిగించండి. పిండి రక్తం తియ్యొద్దు, వేలు నోట్లో పెట్టుకోనివ్వొద్దు, హైపో (క్రిములు చంపే క్లోరిన్ ద్రావణం) గానీ స్పిరిట్ గానీ పొయ్యొద్దు. వెంటనే ఆటో ఎక్కించి గవర్నమెంటు ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. "సూది గుచ్చుకుంది, ఏ పేషెంటుదో తెలియదు" అని ఈ మాటే చెప్పండి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, 2 గంటల్లోపు మొదటి డోసు పడితే మరీ మంచిది. మొదలుపెడితే 28 రోజులు వేసుకోవాలి. ఇవ్వాలా అక్కర్లేదా అన్నది అక్కడి డాక్టరు తేలుస్తారు, మనం ఫోన్లో తేల్చేది కాదు.

ఆవిడకు హెపటైటిస్ బీ టీకాలు పడ్డాయా?

కావలి ల్యాబోడు | సోమవారం, 12:21

గంటన్నర అయింది మేడమ్. కడిగించా, స్పిరిట్ కూడా పోశా, పొరపాటే. టీకా పడలేదు. నేను, కుర్రాడు డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివేటప్పుడే వేయించుకున్నాం. ఆవిడకు కూడా వేయించాలి అనుకుంటూనే మూడేళ్లు గడిచిపోయాయి. బయల్దేరుతున్నాం.

ఒంగోలు క్వాలిటీ | సోమవారం, 12:40

అన్న ఆసుపత్రికి వెళ్లాడు కాబట్టి మిగతా వాళ్ల కోసం ఒక ముక్క. సూది గుచ్చుకుంటే అందరూ హెచ్ఐవీ గురించే హడలిపోతారు. ట్రైనింగుల్లో మాకు చెప్పే లెక్క 30, 3, 0.3. సూది మీద రక్తం హెపటైటిస్ బీ ఉన్నవాళ్లదైతే, టీకా లేని మనిషికి అది సోకే అవకాశం 100కి 30 దాకా. హెపటైటిస్ సీ అయితే 3 దాకా, హెచ్ఐవీ అయితే 0.3. పైగా బీ వైరస్ ఎండిపోయిన రక్తంలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. అన్నిటికంటే సులువుగా అంటుకునేదానికి టీకా ఉంది, మూడు డోసులు, 0, 1, 6 నెలల్లో. ఆ టీకా మనం వేయించుకుంటాం, చెత్త ఎత్తే మనిషికి వేయించం. 2016 నాటి బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో చెత్త ముట్టుకునే ప్రతి ఒక్కరికీ హెపటైటిస్ బీ, టెటనస్ టీకాలు వేయించాలని స్పష్టంగా ఉంది. ఇది అన్నను ఎత్తిపొడవడానికి కాదు, నేను చూసిన ల్యాబుల్లో సగం ఇంతే.

కావలి ల్యాబోడు | సోమవారం, రాత్రి 8:50

ఇప్పుడే ఇంటికొచ్చా. ఆవిడ రక్తం తీసి మూడు టెస్టులకు పంపారు. మొదటి డోసు అక్కడే మింగించారు. టీటీ, హెపటైటిస్ బీ టీకా మొదటిది, దాంతోపాటు ఇమ్యునోగ్లోబులిన్ (తయారుగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా ఇచ్చారు. మళ్లీ 6 వారాలకు, 3 నెలలకు, 6 నెలలకు టెస్టులు.

ఆ సూదినే టెస్ట్ చేద్దామా అని అడిగా. సూదిని టెస్ట్ చెయ్యరయ్యా, దాంతో ఏమీ తేలదు, ఇంకొకరికి గుచ్చుకుంటుంది అని డాక్టరుగారు కసురుకున్నారు.

వచ్చేటప్పుడు ఆటోలో ఆవిడ అడిగింది ఒక్కటే. "ఇదంతా నా జీతంలో పట్టుకుంటావా బాబూ?" అని. రాత్రి అన్నం సహించలేదు నాకు.

సింగరాయకొండ సిరంజి | మంగళవారం, పొద్దున 7:05

అన్నా, ఆయమ్మకి ఏం కాదులే, టైముకి తీసుకెళ్లావు. బర్నర్ మాత్రం మళ్లీ కొనొద్దు. మా పాత ల్యాబులో ఉండేది. సూది పెట్టగానే చిటచిటమని నిప్పురవ్వలు, మాడిన వాసన. కరెంటు పోతే అంతే సంగతులు.

ట్రంకు రోడ్డు టెక్నీషియన్ | మంగళవారం, 9:30

18 ఏళ్లుగా బర్నర్ వాడుతున్నా, నాకు ఒక్కసారి కూడా గుచ్చుకోలేదు. సూది కాలి ముద్దైపోతే ఇంక గుచ్చుకునేదేముంది? కుర్రాళ్లు కొత్త వస్తువు కొనిపించాలని చూస్తారు గానీ. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో ఏం జరిగిందో గుర్తుందా? వాడిన సిరంజీలే మళ్లీ వాడి ఊళ్లకు ఊళ్లకు హెపటైటిస్ బీ అంటించారు, ఎంతోమంది పోయారు. సూదిని అక్కడికక్కడే నాశనం చెయ్యాలన్నది అందుకే.

మైక్రో మేడమ్, నెల్లూరు | మంగళవారం, 10:15

మొడాసా గురించి మీరు చెప్పింది నిజమే, నాశనం చెయ్యాలన్నదీ నిజమే. బర్నర్ రూల్స్‌కు విరుద్ధమని కూడా నేననను, కట్టర్ నుంచి గానీ బర్నర్ నుంచి గానీ వచ్చిన సూదులు తెల్ల డబ్బాలో వెయ్యమనే రూల్‌లో ఉంది. నా అభ్యంతరం వేరే.

మీ ల్యాబులో పొద్దున 7 నుంచి 9 దాకా గుర్తు చేసుకోండి. ఫాస్టింగ్ శాంపిల్స్ కోసం జనం లైను కట్టి ఉంటారు. బర్నర్ ఎక్కడుంటుంది? ప్లగ్ పాయింటు ఉన్నచోట, అంటే గోడ దగ్గర. పేషెంటు కుర్చీ ఇక్కడ. ఒక్కో సూదినీ అక్కడిదాకా తీసుకెళ్లి కాల్చే తీరిక ఎవరికీ ఉండదు. అందుకని క్యాప్ పెట్టి కిడ్నీ ట్రేలో వేస్తారు, "రష్ తగ్గాక కాలుద్దాంలే" అని. గుచ్చుకునేది ఆ క్యాప్ పెట్టేటప్పుడు, ఆ ట్రేలో చెయ్యి పెట్టినప్పుడు. సూది పేషెంటు నరంలో ఉన్నంతసేపు మన చూపంతా దాని మీదే ఉంటుంది. బయటికొచ్చాక మన కళ్లు ట్యూబు మీద, లేబుల్ మీద, తర్వాతి పేషెంటు మీద ఉంటాయి.

కాబట్టి ఏ మిషన్ కొన్నారన్నది కాదు లెక్క. సూది చెయ్యి నుంచి డబ్బాలో పడేదాకా మధ్యలో ఎన్నిచోట్ల ఆగుతోంది, ఎన్ని చేతులు మారుతోంది, ఇదీ లెక్క. ఒక్కచోట కూడా ఆగకూడదు.

ఇంకోటి, కాల్చినా అడుగున ముక్క మిగులుతుంది. రక్తం ఉన్న సూదిని కాలిస్తే వచ్చే ఆ పొగ మీరు 18 ఏళ్లుగా పీలుస్తున్నారు.

ట్రంకు రోడ్డు టెక్నీషియన్ | మంగళవారం, 10:40

కిడ్నీ ట్రే మాట నిజం మేడమ్. పొగ సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. అయినా బర్నర్ మాననింకా, చూద్దాం.

ఏఎన్ఎమ్ అక్క, ఉదయగిరి వైపు | మంగళవారం, మధ్యాహ్నం 2:20

పిల్లల టీకాలకు మాకు హబ్ కట్టర్ ఇస్తారు. కరెంటు అక్కర్లేదు, చెట్టు కింద కూర్చుని టీకాలేసినా పక్కనే పెట్టుకోవచ్చు. టీకా వెయ్యగానే క్యాప్ పెట్టకుండా సిరంజి మూతిని దాని రంధ్రంలో పెట్టి పిడి నొక్కితే టప్ మని తెగుతుంది. సూది, దాన్ని పట్టుకునే ప్లాస్టిక్ మూతి రెండూ కింద డబ్బాలో పడతాయి. మూతి తెగిన సిరంజిని మళ్లీ వాడదామన్నా కుదరదు. మొడాసా గురించి రాసిన తమ్ముడూ, నీకు కావలసింది ఇదే. తెగిన సిరంజి ఎర్ర కవర్లోకి పోతుంది.

ఒక జాగ్రత్త. బ్లేడు మొద్దుబారితే సూది తెగకుండా వంగుతుంది. అప్పుడు వేలు పెట్టి లాగబోతారు. వద్దు. కట్టర్ మార్చెయ్యండి.

మా పక్క పాత ఆరోగ్య కేంద్రాల్లో సూదుల గుంత ఉండేది, సిమెంటు గుంత. బండి రాని మారుమూల ఊళ్లకు అది. మీకు బండి వస్తోంది కదా, గుంత తవ్వే ఆలోచన పెట్టుకోకండి.

కావలి ల్యాబోడు | మంగళవారం, రాత్రి 9:15

అక్కా, థ్యాంక్స్. ఈరోజు ఇక్కడి సర్జికల్ షాపులో కట్టర్ చూశా. కానీ నా దగ్గర సగం పైగా వ్యాక్యూటైనరే. దానికి సిరంజి మూతి ఉండదు కదా, సూది మరతో హోల్డర్‌లోకి తిరుగుతుంది. కట్టర్‌లో పట్టదు. మరి దానికేం దారి? మా కుర్రాడు సూదిని చేత్తో తిప్పి ఊడదీసి, హోల్డర్ కడిగి మళ్లీ వాడతాడు. వ్యాక్యూటైనర్ వచ్చిన దగ్గర్నుంచీ అందరూ చేసేది ఇదేగా?

ఒంగోలు క్వాలిటీ | బుధవారం, 6:50

ఇదే అసలు కథ అన్నా. మీ ఆయమ్మకు గుచ్చుకున్నది కూడా ఆ వెనక సూదే. ముందుదానికి క్యాప్ ఉందని మనకో ధైర్యం. వెనకదానికి ఉన్నది పల్చటి రబ్బరు తొడుగు మాత్రమే, నొక్కితే ముడుచుకుపోయి సూది బయటికొస్తుంది. ట్యూబు తోసినప్పుడు అది పనిచేసేదే అలా. మీ ఆయమ్మ అరచెయ్యి ట్యూబు చేసే పనే చేసింది.

చేత్తో ఊడదియ్యడం మాన్పించండి. తెల్ల డబ్బాల్లో కొన్నిటికి మూత మీద తాళంచెవి రంధ్రంలా ఒక గాడి ఉంటుంది, ఒకవైపు వెడల్పు, ఇంకోవైపు సన్నం. సూది మొదలును సన్నటి వైపు ఇరికించి హోల్డర్‌ను ఎడమకు తిప్పితే సూది దానంతటదే ఊడి లోపల పడుతుంది. రెండో చెయ్యి వీపు వెనక పెట్టుకోమనండి. నవ్వకండి, మా దగ్గర కొత్తవాళ్లకు నిజంగానే అలా నేర్పిస్తాం. రెండో చెయ్యి ఊరికే ఉండదు, డబ్బా పట్టుకోవడానికి వస్తుంది, వస్తే గుచ్చుకుంటుంది. డబ్బా కదలకుండా స్టాండులో బిగించాలి, లేకపోతే ఇదంతా దండగ.

మైక్రో మేడమ్, నెల్లూరు | బుధవారం, 8:00

క్వాలిటీ గారితో ఇక్కడ నాకు కుదరదు. హోల్డర్ కూడా ఒక్కసారికే. సూదితో సహా మొత్తం డబ్బాలో వేసెయ్యడమే పద్ధతి. ఒక్కసారి హోల్డర్ లోపలికి టార్చి కొట్టి చూడండి, అంచు చుట్టూ గోధుమరంగు మరక కనిపిస్తుంది. అది రక్తం. ఆ హోల్డర్‌తోనే ఇంకొకరి చేతి దగ్గరికి వెళ్తున్నాం.

ఒంగోలు క్వాలిటీ | బుధవారం, 8:25

పద్ధతి అదేనని ఒప్పుకుంటా మేడమ్. రోజుకు 40 హోల్డర్లు పారెయ్యమంటే కావలిలో ఎవరు పారేస్తారు? డబ్బా కూడా మూడింతల తొందరగా నిండుతుంది. చేత్తో తిప్పేవాణ్ణి ముందు గాడి దగ్గరికి తీసుకొద్దాం, తర్వాత సంగతి తర్వాత.

మైక్రో మేడమ్, నెల్లూరు | బుధవారం, 8:31

ఆ "తర్వాత" కోసమే ఆయమ్మ టీకా కూడా మూడేళ్లు ఆగింది.

కావలి ల్యాబోడు | బుధవారం, 8:50

నా పుణ్యాన మీరిద్దరూ పోట్లాడుకోకండి. లెక్క వేసుకుని చూస్తా.

బండి మీద బాబాయ్ | బుధవారం, సాయంత్రం 6:40

నేను ఆ పసుపు బండి మీద పనిచేసేవాణ్ణే, ఏ బండో అడగొద్దు. మీరంతా డబ్బాలో ఎట్టా వెయ్యాలని మాట్లాడుకుంటుండారు. డబ్బా మీ గుమ్మం దాటినాక ఎట్టుంటదో నేను చెప్తా.

ఎర్ర కవరు చేత్తో పట్టుకుంటే నడిచేటప్పుడు పిక్కకు తగులుద్ది. నాకు రెండుసార్లు గుచ్చుకుంది కాలికే, చేతికి కాదు. అందుకే ఇప్పుడు కవరు ఒంటికి దూరంగా చెయ్యి చాచి పట్టుకుంటా, చూసేవాళ్లు నవ్వుతారు. కవరు ముప్పావు నిండితే చాలయ్యా, మెలిపెట్టి కట్టండి. గాలి ఉంటే ఉండనియ్యండి, గాలికి మేమేం డబ్బులడగం.

కొన్నిచోట్ల తెల్ల డబ్బా ఇవ్వరు. నీళ్ల బాటిల్లో సూదులు కుక్కి ఇస్తారు, అది పనసకాయ మాదిరి అన్నివైపులా ముళ్లు. ఒక ల్యాబులో అయితే డబ్బా నా కవర్లోకి వొంపుకోమన్నారు, ఖాళీ డబ్బా మళ్లీ కావాలంట. ఒకసారి మూతేసిన డబ్బా మళ్లీ తెరుచుకోకూడదు గదా, దాన్ని అట్టా తయారుచేసిందే అందుకు గదా. నేను వొంపలా. మా ఆఫీసుకు ఫోన్ చేసి నా మీదే చెప్పారు.

సూదులు ప్లాంటుకు పోయినాక ఆవిరిలోనో పొడి వేడిలోనో పెట్టి ముక్కలు చేస్తారు. తర్వాత ఇనుము కరిగించే ఫౌండ్రీకి పంపచ్చు, లేకపోతే సిమెంటు గుంతలో వెయ్యచ్చు. ఎర్ర కవర్లో ప్లాస్టిక్ మళ్లీ సరుకవుద్ది. అందులో సూదుంటే ఏరేవాడి చేతికే.

ట్రంకు రోడ్డు టెక్నీషియన్ | బుధవారం, 7:10

బాబాయ్, మా డబ్బాలో హైపో పోసి ఇస్తాం, సూదులన్నీ అందులో నానుతాయి. మీకు భయం అక్కర్లేదు.

బండి మీద బాబాయ్ | బుధవారం, 7:14

అయితే నా ప్యాంటు మీద తెల్ల మచ్చలు మీయేనా?

మైక్రో మేడమ్, నెల్లూరు | బుధవారం, 8:05

బాబాయ్ ఒక్క మాటలో చెప్పేశారు. తెల్ల డబ్బాలో హైపో పొయ్యక్కర్లేదు. సూదులు తుప్పు పడతాయి, డబ్బా బరువెక్కుతుంది, బండిలో ఒలికిపోతుంది. 1998 రూల్స్ కాలంలో అలవాటైంది, అదింకా పోలేదు. సూదులకు ప్లాంటులో ఎలాగూ శుద్ధి ఉంది.

మనం ముందే శుద్ధి చెయ్యాల్సింది వేరే. ల్యాబులో మిగిలిన రక్తం శాంపిల్స్, క్రిములను పెంచి చూసే కల్చర్ ప్లేట్లు. అవి ఇక్కడే క్రిములు లేకుండా చేసి పంపాలి. చిన్న ల్యాబుల్లో తప్పు జరిగేది సరిగ్గా ఇక్కడే, సూదులకు హైపో పోస్తారు, ట్యూబులను ఊరికే కవర్లో వేస్తారు. తిరగబడింది చూడండి.

ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపే మిషన్) ఉంటే చెత్తకు 121 డిగ్రీలు, 15 పౌండ్ల ప్రెషర్, 60 నిమిషాలు. కడిగిన పరికరాలకు పెట్టే 15, 20 నిమిషాలు చెత్తకు చాలవు. హైపో వాడితే ద్రవంలో 1 నుంచి 2 శాతం ఉండాలి. క్యాన్ మీద 5 శాతం అని ఉంటే 200 మిల్లీలీటర్ల హైపోకు 800 నీళ్లు, అప్పుడు 1 శాతం. ఏ రోజుది ఆ రోజు కలపాలి. మన ఎండలకు కిటికీ పక్కన పెట్టిన హైపో వారానికి ఉత్త వాసన నీళ్లవుతుంది. హైపోలో నానిన దాన్ని మాత్రం ఎత్తి ఆటోక్లేవ్‌లో పెట్టకండి, క్లోరిన్ వస్తుంది.

సింగరాయకొండ సిరంజి | గురువారం, 6:10

మా బాధ ఎవరూ అడగలేదు. నాది ఇప్పుడు హోమ్ కలెక్షన్. బండి మీద పొద్దున 5:30కి బయల్దేరితే 9లోపు 12, 13 ఇళ్లు. వాళ్ల ఇంట్లో సూది వెయ్యడానికి డబ్బా ఉండదు, చెత్తబుట్టలో వెయ్యకూడదు. అందుకని నిన్నటిదాకా నేనూ క్యాప్ పెట్టి బ్యాగు సైడు జేబులో వేసుకునేవాణ్ణి. ఆ జేబులోనే బండి తాళాలు, పర్సు, ఒక్కోసారి ఇడ్లీ పొట్లం. ఈ చర్చ చదివాక నిన్న ఆ జేబు విదిలిస్తే మూడు సూదులు పడ్డాయి. క్యాపులు ఊడిపోయి ఉన్నాయి.

ముసలివాళ్లకు, చిన్నపిల్లలకు స్కాల్ప్‌వెయిన్ (రెక్కలు, పొడుగు ట్యూబు ఉండే సన్న సూది) వాడతాం, అదింకా ఘోరం. ట్యూబు స్ప్రింగులా మెలికపడి సూది పాము పడగలా వెనక్కి లేస్తుంది.

ఒంగోలు క్వాలిటీ | గురువారం, 7:20

తమ్ముడూ, బ్యాగులో పట్టే చిన్న సైజు తెల్ల డబ్బాలు వస్తాయి. నిలువుగా నిలబడేలా బ్యాగులో దానికో అర కుట్టించుకో, చెప్పులు కుట్టే ఆయన కుట్టిస్తాడు. ఇంట్లోకి వెళ్లగానే ముందు డబ్బా మూత తెరిచి నీ కుడి మోకాలి పక్కన నేల మీద పెట్టు, ఆ తర్వాతే టోర్నికే (చేతికి బిగించే పట్టీ) కట్టు. మంచం మీద పెట్టకు, పేషెంటు కదిలితే దొర్లుతుంది. సూది తీశాక దూది నొక్కిపట్టే పని ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి ఉంచు. నీ చేతికి ఒకే పని మిగలాలి.

స్కాల్ప్‌వెయిన్‌ను రెక్కల దగ్గర పట్టుకుని సూదిని ముందు డబ్బాలోకి దించు, ట్యూబు దాని వెనకే జారుతుంది. తోకతో పట్టుకుంటే అది నిన్ను పట్టుకుంటుంది. సూది లాగేటప్పుడే దాన్ని మూసేసే తొడుగున్న రకాలు కూడా ఉన్నాయి, రేటు ఎక్కువే. కనీసం పిల్లల శాంపిల్స్‌కైనా అవి ఇవ్వమని మీ ఓనర్ని అడుగు.

ఆత్మకూరు అబ్బయ్య | గురువారం, 11:00

నేను ల్యాబు మనిషిని కాను, షుగరు మనిషిని. రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకుంటా. ఆ సూదులు, వేలు పొడిచి రక్తం చూసుకునే లాన్సెట్లు ఇన్నాళ్లూ తడిచెత్తలో కలిపి మున్సిపాలిటీ బండికి ఇచ్చేవాణ్ణి. ఇది చదివాక కడుపులో దేవింది. నేనేం చెయ్యాలి?

ఏఎన్ఎమ్ అక్క, ఉదయగిరి వైపు | గురువారం, 1:40

అన్నా, పినాయిల్ డబ్బాలాంటి మందపాటి ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి, నీళ్ల సీసా వద్దు. మూత బిగుసుకోవాలి. సూదులు, లాన్సెట్లు అందులో వెయ్యండి, ముప్పావు నిండగానే టేపు చుట్టి మీద "సూదులు" అని పెద్దక్షరాలతో రాయండి. ఇంటి చెత్తలో సూదులు ప్రమాదకరమైన చెత్త కిందకి వస్తాయి, తడి పొడిలో కలపకుండా విడిగా చేతికివ్వాలి. మీరు టెస్టులు చేయించుకునే ల్యాబువాళ్లు మంచివాళ్లయితే వాళ్ల తెల్ల డబ్బాతోపాటు పంపిస్తారు, అడిగి చూడండి.

కావలి ల్యాబోడు | గురువారం, 2:05

కావలి వస్తే నాకివ్వండి అబ్బయ్య గారూ, నేను పంపిస్తా. ఆ మాత్రం చెయ్యకపోతే ఎలా.

ఇంకో సందేహం. మాకు బండి రోజు మార్చి రోజు వస్తుంది. చెత్త 48 గంటలు దాటి ఉంచకూడదంటారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానప్పుడు మూడు రోజులు బండి రాలేదు, కరెంటు లేదు, ల్యాబు గుమ్మం దాకా నీళ్లు. కవర్లు తేలకుండా అటక మీదికెత్తా. నవంబరు, డిసెంబరు వచ్చిందంటే నాకిదో టెన్షన్.

ఒంగోలు క్వాలిటీ | గురువారం, 9:00

48 గంటలు దాటక తప్పకపోతే, ఎవరికీ హాని కలగకుండా జాగ్రత్త చేసి, కారణంతో సహా పొల్యూషన్ బోర్డుకు తెలియజెయ్యాలి. రూల్‌లో ఆ వెసులుబాటు ఉంది. ఒక ఈమెయిలు చాలు, ఫోటో జత చెయ్యండి. మీరు ఎత్తులో పెట్టి మంచిపనే చేశారు. తుపాను హెచ్చరిక రాగానే ముప్పావు నిండకపోయినా డబ్బా మూత బిగించేసి కొత్తది తెరవండి.

సోమవారం సంగతి రిజిస్టర్‌లో రాశారా? తేదీ, టైము, ఎలా గుచ్చుకుంది, ఏం చేశారు. సూది గుచ్చుకోవడం పెద్ద ప్రమాదాల కిందకి రాదు, కానీ లెక్కలో ఉండాలి. ఏటా జూన్ 30లోపు వేసే వార్షిక నివేదిక, ఫారం-4లో ప్రమాదాల వివరం కూడా అడుగుతారు. అందరూ సున్నా అని రాసేస్తారు. రాసినందుకు ఎవరూ ఉరి తియ్యరు.

ట్రంకు రోడ్డు టెక్నీషియన్ | గురువారం, 9:20

గాజు సంగతి కూడా చెప్పండి సార్. స్లైడ్లు, క్యాపిలరీ ట్యూబులు (సన్నటి గాజు గొట్టాలు). క్లాటింగ్ టైముకు, అంటే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూడ్డానికి, మేం క్యాపిలరీని వేళ్లతో విరిచి చూస్తాం.

మైక్రో మేడమ్, నెల్లూరు | గురువారం, 9:45

గాజుకు నీలం గుర్తు డబ్బా. అట్టపెట్టె కాదు, గుచ్చుకోని, కారని డబ్బా, 2018 సవరణ తర్వాత అదే. ఇక క్యాపిలరీ విరవడం గురించి, రక్తం నింపిన గాజును మన వేళ్లతో మనమే విరుస్తున్నాం, కాసేపు ఆలోచించండి. క్లాటింగ్ టైము కావాలంటే వేరే పద్ధతులున్నాయి, సర్జన్‌కు నిజంగా కావలసింది పీటీ, ఏపీటీటీ అనే గడ్డకట్టే టెస్టులు. వాళ్లతో ఒకసారి మాట్లాడి ఆ టెస్టే మానెయ్యొచ్చు. మేం మానేశాం.

కావలి ల్యాబోడు | ఏడు వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:30

ఇన్నాళ్లూ రాయలేదు, అందరూ అడిగారని రాస్తున్నా.

ఆయమ్మ 28 రోజుల మందు పూర్తి చేసింది. మొదటి వారం వికారం అని సరిగ్గా తినలేకపోయింది, మానేస్తానంది కూడా. 6 వారాల టెస్టులు మూడూ నెగటివ్. టీకా రెండో డోసు పడింది. ఖర్చంతా నాదే, జీతం కొయ్యలేదు.

బర్నర్ కొనలేదు. సిరంజీలకు హబ్ కట్టర్ తెచ్చా. వ్యాక్యూటైనర్‌కు గాడి ఉన్న డబ్బా. వడ్రంగిని పిలిచి శాంపిల్ కుర్చీ కుడిచేతివైపు చెక్క బ్రాకెట్ కొట్టించా, డబ్బా నోరు టెక్నీషియన్ మోచేతి కంటే కొంచెం కింద ఉంటుంది, కూర్చునే లోపలికి చూడొచ్చు. మొదటి రోజు బ్రాకెట్ ఎత్తుగా కొట్టాడు, లోపల నిండిందో లేదో కనిపించలేదు, విప్పించి మళ్లీ కొట్టించా. కిడ్నీ ట్రే తీసి స్టోర్‌లో పడేశా. మూడు రోజులు కుర్రాడి చెయ్యి అలవాటుగా ట్రే ఉండేచోటికే పోయింది. హోల్డర్ల విషయంలో మేడమ్ మాట సగం విన్నా, హెపటైటిస్, హెచ్ఐవీ టెస్టులకు వచ్చినవాళ్లవి, మరక కనిపించినవి సూదితో సహా వేసేస్తున్నాం.

డబ్బా మీద ముప్పావు గీత అచ్చువేసి ఉంటుంది గానీ సన్నది, ఆయమ్మ కంటికి ఆనదు. మొన్న వచ్చి చూస్తే డబ్బా చుట్టూ ఎర్రటి గోళ్ల రంగుతో లావుపాటి గీత గీసింది. వాళ్ల మనవరాలిదట ఆ సీసా. నిన్న గీత దాకా వచ్చిందని కుర్రాడు ఇంకా సూది తీస్తుండగానే మూత పట్టుకుని పక్కన నిలబడింది.

మైక్రో మేడమ్, నెల్లూరు | ఆదివారం, 6:10

సగం ఎందుకు? ఎవరికి ఏముందో టెస్టుకు ముందు మనకు తెలియదు కదా. థైరాయిడ్ టెస్టుకు వచ్చినవాళ్లకూ ఉండొచ్చు. అన్నీ వేసెయ్యండి. ఆవిడ మూడో డోసు 6వ నెలలో, క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి. అది పడిన నెల, రెండు నెలల తర్వాత టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీబాడీ టైటర్ టెస్టు చేయించండి, 10 దాటి ఉండాలి.

కావలి ల్యాబోడు | ఆదివారం, 6:18

రాశాను మేడమ్. హోల్డర్లు ఒక ప్యాకెట్ ఎక్కువ ఆర్డర్ పెడతా.

బండి మీద బాబాయ్ | ఆదివారం, 8:30

గోళ్ల రంగు డబ్బా మీదేనా? గురువారం ఎత్తింది నేనే. రేపు ఒంగోలు వైపు రోడ్డు పనులంట, కావలికి గంట ముందే వస్తాం. కట్టి ఉంచండి.